గడప మీద తూకం

రిజిస్టరు చూపించమని ఎవరైనా అడిగితే చిన్నక్క ముందు చేతులు కడుక్కుంటుంది. తర్వాత కొంగుకు తుడుచుకుంటుంది. తర్వాత దూలానికి వేలాడే యూరియా సంచి దించి, అందులోంచి ఒక ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లోంచి మరో కవరు తీసి, అప్పటికీ అడిగినవాళ్లకు ఓపిక మిగిలి ఉంటే రిజిస్టరు బయటపెడుతుంది. దుమ్ముగూడెం దాటి అడవిలోకి మళ్లాక వచ్చే ఇప్పలగుంపుకూ, దాని చుట్టుపక్కల మూడు కోయ గూడేలకూ ఆమె పదహారేళ్లుగా ఆశా కార్యకర్త. కడుపుతో ఉన్నవాళ్లను పేరు పేరునా రాసుకోవడం, టీకాల రోజు గుర్తుచేయడం, నొప్పులు మొదలైతే అంబులెన్స్‌కు ఫోన్ చేయడం, పుట్టిన బిడ్డను తూచి రాయడం ఆమె పని. చదివింది ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. ఏడే కదా అని తీసిపారేయకండి. ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే డిగ్రీ చదివినవాళ్లు తమ నోటు పుస్తకాలు దాచుకోవాలి.

కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, ఆడో మగో, పుట్టినప్పటి బరువు. అయిదు గడులు, ఏ గడీ ఖాళీ ఉండదు. వానలకు ఇల్లు కురిసిన ఏడు తన నెత్తి మీద సంచి కప్పుకోకుండా రిజిస్టరు మీద కప్పిందని మొగుడు జంపయ్య ఇప్పటికీ దెప్పుతుంటాడు. ఆమె కాదనదు.

ఆ రిజిస్టరు వెతుక్కుంటూ నిరుడు జూలైలో ఒక డాక్టరు వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన వారం అది. పర్ణశాల వైపు బస్సు సగం దారిలో ఆగిపోతే, ఎరువుల బస్తాలు తెస్తున్న ట్రాక్టరు ఎక్కి, మోకాళ్ల దాకా బురదతో దిగింది. పేరు నాగలత. వేంసూరు వైపు పిల్ల. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న రైతు కుటుంబం. వయసు ఇరవై నాలుగో ఇరవై అయిదో. మెడలో స్టెతస్కోపు లేకపోతే చిన్నక్క ఆమెను కాలేజీ పిల్ల అనుకునేది.

"డాక్టరమ్మా, మీరు పాసైన్రా, ఇంకా చదువుతున్నరా?" అని అడిగేసింది మంచినీళ్లు ఇస్తూ.

"పాసయ్యానక్కా. హౌస్ సర్జన్సీ కూడా అయిపోయింది."

"మరి దవాఖానల కూసోక ఈడికెందుకొచ్చిన్రు?"

"ఒక ప్రశ్నకి జవాబు వెతకడానికి. తొమ్మిది నెలలు ఇక్కడే ఉంటాను."

"ఒక్క ప్రశ్నకు తొమ్మిది నెలలా? అంతల బిడ్డే పుడ్తది గద!"

నాగలత పడీపడీ నవ్వింది. నవ్వాక ఓపిగ్గా చెప్పింది. వాళ్ల మెడికల్ కాలేజీలో ఏటా కొత్తగా పాసైన డాక్టర్లలో నలుగురిని ఎంచి ఇలాంటి చోట్లకు పంపుతారు. దాన్ని రీసెర్చ్ పోస్టింగ్ అంటారు. వారంలో మూడు రోజులు ఆరోగ్య కేంద్రంలో రోగుల్ని చూడాలి. మిగతా రోజులు ఊళ్లు తిరిగి, అక్కడి మనుషులకు పనికొచ్చే ఒక్క ప్రశ్న పట్టుకుని, దానికి జవాబు సంపాదించాలి. చివర్లో పెద్ద డాక్టర్ల ముందు నిలబడి ఆ జవాబు నిరూపించుకోవాలి. మందు ఎలా ఇవ్వాలో కాలేజీలో నేర్పారు, తెలియనిదాన్ని తెలుసుకోవడం ఎలాగో ఇక్కడ నేర్చుకోవాలి అంది.

ఆమె పట్టుకున్న ప్రశ్న ఇది. ఈ అడవి గూడేల్లో ఇంటి దగ్గర పుట్టే పిల్లల బరువు ఎంత? ఆస్పత్రిలో పుట్టే పిల్లలకంటే తక్కువా, ఎక్కువా? బరువు తక్కువ పిల్లలు బతకడం కష్టం కాబట్టి అది తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. ఇంటి కాన్పుల బరువులు పదహారేళ్ల పాటు వరస తప్పకుండా రాసిన మనిషి ఈ చుట్టుపక్కల చిన్నక్క ఒక్కతే అని విని వచ్చింది.

ఆ మాటకు చిన్నక్క పొంగిపోలేదంటే అబద్ధం. ఆ పూట చేతులు రెండుసార్లు కడుక్కుంది.

అక్టోబరు దాకా ఇద్దరూ కలిసి తిరిగారు. నాగలతకు జలగలు పట్టాయి, చలిజ్వరం వచ్చింది, ఇప్పసారా ఒక గుక్క తాగి అరగంట మాట పడిపోయింది. చిన్నక్క ఆమెకు కోయలో పది మాటలు నేర్పింది. అందులో ఆరు ఆమె తప్పే పలికేది, గూడెం ఆడవాళ్లు కావాలని మళ్లీ మళ్లీ పలికించుకుని నవ్వేవాళ్లు. శనివారం సాయంత్రాలు ఊరి వెనక పెద్ద బండ ఎక్కితే ఫోను సిగ్నలు అందేది. అక్కడి నుంచి నాగలత తన గురువు వెంకటకృష్ణ సార్‌తో మాట్లాడేది. ఆయన కాలేజీలో ప్రొఫెసరు. ఫోన్లో కూడా ఆయన గొంతు వింటే నాగలత నిలబడిపోతుంది.

అక్టోబరు చివర లెక్క తేలింది. రిజిస్టరులో ఇంటి కాన్పులు రెండు వందల పన్నెండు. వాటి సగటు బరువు రెండు కిలోల ఎనిమిది వందలు. ఆస్పత్రిలో పుట్టిన అడవి పిల్లల సగటు రెండు కిలోల ఆరు వందలే. పైగా చిన్నక్క రిజిస్టరులో రెండు కిలోలకు తగ్గిన బిడ్డ ఒక్కటీ లేదు. నాగలత బండ మీద గెంతినంత పని చేసింది. ఇప్పపువ్వు తినడం వల్లనా, ఆకుకూరల వల్లనా, నడక వల్లనా, ఏదో ఉంది ఇందులో, ఇది పత్రికలో అచ్చు కావాల్సిన సంగతి అని ఊదరగొట్టింది. వెంకటకృష్ణ సార్ కూడా, ముందు కాగితం మీద రాసి పంపు, చూద్దాం అన్నాడట. సబ్ సెంటర్ నర్సు కళ్యాణి సిస్టర్ సంగతి విని, జనవరి ఇరవై ఆరున ఇచ్చే ప్రశంసా పత్రానికి చిన్నక్క పేరు పైకి పంపేసింది.

నాలుగు రోజుల తర్వాత నాగలత రాసుకొచ్చిన కాగితాన్ని తెలుగులో చదివి వినిపించింది. "పుట్టిన రోజునే ఆశా కార్యకర్త తూచిన బరువులు ఇవి. అంతే కదక్కా?"

"అవ్," అంది చిన్నక్క.

అన్నాక పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుంది. కూర అడుగంటింది, వాసన వచ్చినా దించలేదు. ఎందుకంటే అది నిజం కాదు. ఒక్క బిడ్డను కూడా ఆమె పుట్టిన రోజున తూచలేదు.

ఆ గూడేల్లో కాన్పయిన తల్లీ బిడ్డా ఇంటి వెనక తడికెల పాకలో ఉంటారు. బిడ్డ బొడ్డు రాలి, పురుడు స్నానం అయ్యేదాకా మంత్రసాని తప్ప బయటివాళ్లు ఆ పాక తొక్కరు. లోపలికి పోయిన వస్తువు పురుడు తీరేదాకా బయటికి రాదు. ఆశాగా చేరిన మొదటి ఏడు చిన్నక్క ఉత్సాహం కొద్దీ కాటా తీసుకుని ఒక పాకలోకి వెళ్లి బిడ్డను తూచబోయింది. కొక్కేనికి జోలె తగిలించక ముందే ఆ ఇంటి అత్త కేకలు పెట్టింది. కాటా లోపలే ఉండిపోయింది, తొమ్మిది రోజులు నాలుగు గూడేలకూ తూకం లేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఏ ఇంటి తలుపూ ఆమెకు తెరుచుకోలేదు, టీకాలకూ ఎవరూ రాలేదు. అప్పటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పురుడు స్నానం నాడు వెళ్లేది, బిడ్డను తూచేది, ఆ బరువును పుట్టినప్పటి బరువు గడిలో రాసేది. అది మోసమని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆ గూడేల్లో బిడ్డ లోకంలోకి వచ్చేదే ఆ రోజు. పేరు పెట్టేదీ, పదిమందికి చూపేదీ ఆ రోజే. అంతకు ముందు పోయిన బిడ్డ వాళ్ల లెక్కలో రాలేదు కాబట్టి పోలేదు కూడా.

కళ్యాణి సిస్టర్‌కు చెబితే నెత్తి కొట్టుకుంది. "నీకేమన్న పిచ్చా చిన్నక్కా? ఎవరడిగిన్రు నిన్ను? పదహారేండ్ల రిజిస్టరు తప్పని నీ నోటితోటి నువ్వే చెప్తవా? నీ కొలువు పోతది. నెల నెలా సంతకం పెట్టిన నన్ను గూడ నిలబెట్టి అడుగుతరు. నోరు మూసుకొని ఊకో."

మంచి సలహాయే. లోకంలో చాలా రిజిస్టర్లు అలా నోరు మూసుకునే ఉన్నాయి. చిన్నక్క కూడా మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు శనివారం. బండ ఎక్కుతూ నాగలతను అడిగింది.

"డాక్టరమ్మా, గీ కాగితం అచ్చయితే ఏమైతది?"

"ఇంటి దగ్గర పుట్టిన పిల్లలు బాగున్నారని అందరికీ తెలుస్తుందక్కా."

"తెలిస్తే?"

నాగలత కాసేపు ఆలోచించింది. "చెప్పలేం. బరువు తక్కువ పిల్లల కోసం ఈ అడవి వైపు ఇంకో అంబులెన్స్, పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే ఇంకో వార్మరు అడుగుతున్నారు కదా, ఇక్కడ అంత అవసరం లేదని ఎవరైనా అనొచ్చు."

చిన్నక్క ఎక్కడున్నది అక్కడే కూర్చుండిపోయింది. ఎండకు కాలుతున్న రాయి మీద కూర్చుని, తల దించుకుని, మొత్తం చెప్పేసింది. పాక సంగతి, కాటా సంగతి, పురుడు రోజు తూకం సంగతి. మూడు నెలలుగా తనను గొప్పగా చూసిన పిల్ల కళ్లలోకి చూడటానికి ధైర్యం చాలలేదు.

నాగలత ముఖం తెల్లబోయింది. "మరి బొడ్డు రాలక ముందే చనిపోయిన పిల్లలు?" అంది.

"గట్ల పోయినోళ్లను మేం బిడ్డ అనం. పేరు లేదు. తూయలే. తూయనిదాన్ని ఏమని రాయాలె?"

"అంటే బలహీనంగా పుట్టినవాళ్లు రిజిస్టరులోకి రాకుండానే పోయారు. బతికినవాళ్ల బరువే మిగిలింది. అందుకే సగటు అంత బాగుంది." తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది నాగలత. "ఎంతమందక్కా?"

"తెల్వదు డాక్టరమ్మా. ఎన్నడూ లెక్క పెట్టలే," అంది చిన్నక్క. "నాది ఒకటి."

నాగలత ఏడ్చింది. తన కాగితం పోయినందుకో, చిన్నక్క బిడ్డ కోసమో ఆమెకే తెలియదు. తర్వాత ముక్కు తుడుచుకుని గురువుకు ఫోన్ చేసి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. అంతా విన్నాక ఆయన, ఆమె పక్కనే ఉంటే ఫోన్ ఇవ్వు అన్నాడు. చిన్నక్క తిట్లకు సిద్ధపడి రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"అమ్మా," అన్నాడు వెంకటకృష్ణ సార్. "మీరు చెప్పకపోతే మాలో ఏ ఒక్కరికీ ఇది తెలిసేది కాదు. ఆ అమ్మాయి మూడు నెలల కష్టం పోలేదు, ఇప్పుడే దారిన పడింది. ఆ పిల్లల లెక్క తీయాలి. ఎలా అడగాలో మా పిల్లకు తెలియదు. మీరు నేర్పాలి."

"నేనా సార్?"

"ఇంకెవరున్నారు?"

అలా మొదలైంది. మొదటి ఇల్లు చిన్నక్కదే. తన బిడ్డ సంగతి నోటితో చెప్పడం అలవాటు చేసుకోవాలి కదా, ఇంట్లోనే మొదలు పెడదాం అంది. నాగలత కాగితం పెట్టుకుని కూర్చుంది. చిన్నక్క నోరు తెరిచింది కాని మాట రాలేదు. అరుగు మీద వల అల్లుకుంటున్న జంపయ్య ఇటు తిరగకుండానే అన్నాడు. "ఆడపిల్ల. నాలుగో దినం పోయింది. ఆయాల ఒకటే వాన."

ఇరవై రెండేళ్లలో ఆ మాట వాళ్లిద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. అతను మరిచిపోయాడనే చిన్నక్క అనుకుంది. ఆ పూట ఆమె వంట చేయలేదు, జంపయ్యే జావ కాచాడు.

ఆ తర్వాత నవంబరు నుంచి జనవరి దాకా నాలుగు గూడేలూ, ఇల్లిల్లూ తిరిగారు. కాలేజీలో ఇచ్చిన ప్రశ్నల కాగితాన్ని మొదటి వారమే సంచిలో పెట్టేశారు. 'మీకు పుట్టి చనిపోయిన శిశువులు ఎందరు' అని అడిగితే ఏ తల్లి చెబుతుంది? చిన్నక్క పద్ధతి వేరు. ఇంటికి వెళ్లేది, వాళ్లు ఏ పనిలో ఉంటే ఆ పనికి చేయి వేసేది. చింతపండు గింజ తీస్తుంటే తనూ తీసేది. తీస్తూ తీస్తూ తన కథ చెప్పేది. నాకు మొదట ఆడపిల్ల పుట్టింది, నాలుగో రోజు పోయింది, పిల్లి కూనంత ఉండేది, ఎవరికీ చెప్పుకోలేదు. అంతే. తర్వాత ఏమీ అడగకుండా గింజలు తీసేది. ఒక్కోచోట వెంటనే, ఒక్కోచోట గంటకు, ఒకచోట మూడోసారి వెళ్లినప్పుడు, ఆ ఇంటి ఆడమనిషి చెప్పడం మొదలుపెట్టేది. చిన్నక్క తన బిడ్డ కథ ఎనభై ఏడుసార్లు చెప్పిందని నాగలత లెక్క. ఎనభై ఏడుసార్లూ ఆమె గొంతు ఒక్కలాగే ఉండేదట. చివరి రోజు మాత్రం ఇంటికొచ్చి పడుకుంది, రెండు రోజులు లేవలేదు.

పంతొమ్మిది మంది. చిన్నక్క ఆశాగా చేరాక ఆ నాలుగు గూడేల్లో ఇంటి దగ్గర పుట్టి, బొడ్డు రాలక ముందే పోయి, ఏ కాగితం మీదా లేని పిల్లలు పంతొమ్మిది మంది. ఆమె సొంత బిడ్డ అంతకు ముందే పోయింది, కాబట్టి లెక్కలోకి రాదు. అది కూడా చిన్నక్కే చెప్పింది. నాగలత కలుపుతానంటే ఒప్పుకోలేదు. మళ్లీ తప్పు లెక్క రాయనని పట్టుబట్టింది.

జనవరి ఇరవై ఆరు వచ్చింది, ప్రశంసా పత్రం ఇంకెవరికో వచ్చింది. రిజిస్టరు తప్పన్న సంగతి పైవాళ్ల దాకా చేరడంతో చిన్నక్క చేతికి వచ్చింది మాత్రం ఒక సంజాయిషీ నోటీసు. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా జవాబు రాసి ఇచ్చింది. వెంకటకృష్ణ సార్ కూడా ఒక ఉత్తరం రాయడంతో కొలువు నిలిచింది. కళ్యాణి సిస్టర్ నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. నిజం చెప్పినవాళ్లకు నోటీసు, పూలదండ మరొకరికి. ఇందులో కొత్తేముంది అనుకుని ఊరుకోవచ్చు గాని, ఈ కథ చెప్పేవాళ్లకు మాత్రం ఇప్పటికీ మండుతుంది.

మార్చిలో నాగలత తన జవాబు నిరూపించుకునే రోజు వచ్చింది. చిన్నక్కను వెంటబెట్టుకుని కాలేజీకి తీసుకుపోయింది. చల్లటి గది, పెద్ద తెర, ముందు వరసలో ఏడుగురు పెద్ద డాక్టర్లు. పోస్టింగ్‌కు వెళ్లిన మిగతా ముగ్గురూ తమ తమ ఫలితాలు చూపించారు. నాగలత వంతు రాగానే తెర మీద మొదట రెండు కిలోల ఎనిమిది వందల సగటు వేసింది. దాని మీద అడ్డంగా గీత కొట్టింది. తర్వాత ఆ పంతొమ్మిది మంది కథ చెప్పింది.

ముందు వరసలో ఒకాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "అంటే మీ మొదటి ఫలితం తప్పు. మరి తొమ్మిది నెలల్లో మీరు కనుక్కున్నదేంటి?"

"అది తప్పని కనుక్కున్నాం సార్. ఇంటి కాన్పుల్లో బరువు తక్కువ పిల్లలు లేరు అనే రిజిస్టరు వెనక, పురుడు తీరక ముందే పోయినవాళ్లున్నారని కనుక్కున్నాం. నేను కాదు, ఈవిడ." నాగలత వెనక కుర్చీ వైపు చూపించింది. తెర మీద కింది వరసలో రెండు పేర్లున్నాయి. రెండోది చిన్నక్కది.

చిన్నక్క లేచి నిలబడింది. "బరువులన్నీ నిజమే సార్. తూచిన దినమే నిజం గాదు. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. కళ్లజోడాయన ఆమె వైపు తిరిగి, మర్యాదగానే అడిగాడు. "మరి ఇక ముందు ఎలాగమ్మా? మొదటి రోజే తూయడానికి మీ ఆచారం ఒప్పుకోదు కదా?"

చిన్నక్క కొంచెం ఆలోచించింది. "ఒప్పుకోదని మేమే అనుకున్నం సార్. ఎన్నడన్న ఎవరన్న అడిగిన్రా? నేను గూడ అడగలే. పోయి అడుగుత."

వెంకటకృష్ణ సార్ చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. బయటికొచ్చాక ఆయన చిన్నక్కకు రెండు చేతులూ జోడించి దండం పెడితే, ఆమె సిగ్గుతో నాగలత వెనక దాక్కుంది.

మాట ఇచ్చాక ఊరుకునే మనిషి కాదు. తిరిగొచ్చిన మర్నాడే మంత్రసాని ఆదెమ్మ దగ్గరికి వెళ్లింది. ఆదెమ్మకు డెబ్బై దాటాయి. ఆ నాలుగు గూడేల్లో ఆమె చేతుల మీదుగా రాని మనిషి తక్కువ. పురుడు నియమం ఏదైనా ఆమె చెప్పిందే మాట. చిన్నక్క కాటా ముందు పెట్టి, ఇది లోపలికి రాకుండా బిడ్డను తూచే దారి చెప్పు అంది. ముసలామె కాటాను అటూ ఇటూ తిప్పి చూసింది. ముల్లు ఎందుకు కదులుతుందో అడిగింది. వక్క నములుతూ చాలాసేపు కూర్చుంది.

"గడప లోపల గాదు, బయట గాదు," అంది చివరికి. "పై కమ్మికి ఏలాడగట్టు. లోపలికెళ్లి నేను జోలె తగిలిస్త. బయట నిలబడి నువ్వు ముల్లు చూసుకో. జోలె నాది, లోపల్నే ఉంటది. నీ కాటా గడప దాటది."

పదహారేళ్లు. ఒక్క పూట అడిగి ఉంటే సరిపోయేది. చిన్నక్కకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ముందుగాల ఎందుకు చెప్పలే అవ్వా?"

"నువ్వు అడగలే గద."

ఏప్రిల్ రెండో వారంలో, ఊరంతా ఇప్పపువ్వు ఏరుతున్న ఒక పొద్దున సోని కాన్పయింది. పక్క గూడెం పిల్ల, తొలి చూలు, నెలలు నిండలేదు. అంబులెన్స్ వచ్చేలోపే పాకలో బిడ్డ పుట్టింది. చిన్నక్క కాటా భుజానికి వేసుకుని, నాగలతను వెంటబెట్టుకుని పరుగున వెళ్లింది. గడప పై కమ్మికి, అంటే ద్వారం మీది అడ్డకర్రకు, తాడు కట్టి కాటా వేలాడదీసింది. నాగలత చెప్పినట్టు ముందు ఖాళీ జోలె తూచి, దాని బరువు పక్కన రాసుకుంది. ఆదెమ్మ లోపలి నుంచి బిడ్డను జోలెలో పెట్టి కొక్కేనికి తగిలించి, కింద చేతులు పట్టి నిలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

జోలె తీసేస్తే కిలో నాలుగు వందలు.

"జల్దీ దవాఖానకు తీస్కపోవాలె," అంది చిన్నక్క.

సోని అత్త అడ్డం వచ్చింది. బొడ్డు రాలలేదు, పురుడు తీరలేదు, గడప దాటించేది లేదు అంది. నాగలత నోరు తెరవబోతే చిన్నక్క చెయ్యి పట్టి ఆపింది. అది డాక్టరు చెప్పాల్సిన మాట కాదు. అందరూ పాక వైపు చూశారు. ఆదెమ్మ బిడ్డను గుండెకు అదుముకుని గడప దగ్గరికి వచ్చింది.

"పురుడు తడికెలకుందా, తల్లికుందా?" అంది. "తల్లి యాడుంటే పురుడు ఆడనే. నేను గూడ ఎంటనే పోత. ఆడ గూడ ఎవర్నీ తాకనియ్య. తియ్యిన్రి బండి."

ఎవర్నీ తాకనివ్వను అన్న మాట ఆస్పత్రిలో చెల్లలేదు, అది ఆమెకూ తెలుసు. కాని ఆ మాటతో గూడెంలో ఉన్న ట్రాక్టరు కదిలింది. రోడ్డు మీద అంబులెన్స్ ఎదురైంది. నాగలత చెప్పినట్టు సోని బిడ్డను వట్టి రొమ్ముకు ఆనించుకుని, పైన చీర చుట్టుకుని, భద్రాచలం దాకా కదలకుండా కూర్చుంది. ఆదెమ్మ దారంతా తన తువ్వాలు పరదాగా పట్టింది.

ఆస్పత్రిలో ఇరవై ఆరు రోజులు. మధ్యలో రెండుసార్లు ఆశ వదులుకున్నారు. నాగలత పోస్టింగ్ ముగిసింది, అయినా ఆమె వెళ్లకుండా ఇంకో వారం ఉండిపోయింది. బిడ్డ కిలో తొమ్మిది వందలతో ఇల్లు చేరిన రోజు సోని అత్త ఎదురొచ్చి, చిన్నక్క చేతిలో దోసెడు ఇప్పపువ్వు పోసింది.

మే నెల మీటింగులో కళ్యాణి సిస్టర్ ఆశాలందరి రిజిస్టర్లూ తిరగేసింది. చిన్నక్కతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టి అప్పటికి కొన్నాళ్లే అయింది. చిన్నక్క పేజీ మీద ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది. పుట్టినప్పటి బరువు గడిలో 1.4 అని ఉంది. ఆ రిజిస్టరులో రెండుకు తక్కువ అంకె పడటం అదే మొదలు.

"ఇదేందే, ఇంత తక్కువ రాసినవ్?"

చిన్నక్క లేచి నిలబడింది. గదిలో ముప్పై మంది ఆశాలు ఆమె వైపే చూస్తున్నారు. ప్రశంసా పత్రం అందుకోవాల్సిన రోజున ఎలా నిలబడి ఉండేదో, అంత నిటారుగా నిలబడింది.

"తక్కువే సిస్టర్. మొదటి దినమే తూచిన. బతికింది."